నాయనమ్మ ముక్కు

పెళ్లయ్యాక మొదటి వానాకాలం. పై మైదానంలో జింబు ఊదారంగు పూలు విచ్చగానే నేపాల్ ముస్తాంగ్‌లోని మా ఊరంతా బుట్టలతో కొండెక్కింది. పోఖరా కాలేజీలో చదివినన్నాళ్లూ ఈ అడవి ఉల్లి ఘాటు కోసం మొహం వాచిపోయాను. ఇప్పుడు పక్కన మా ఆయన ఆంగ్యాల్ కూడా ఉన్నాడు! కోసింది తక్కువ, నవ్వింది ఎక్కువ.

ఇంటికొచ్చి పచ్చి జింబు నేతిలో వేయించి పప్పు తాలింపు పెట్టాను. ఆంగ్యాల్ రెండు గిన్నెలు లాగించాడు. అప్పుడే, మిగతా ఆకు నీడన ఆరబోస్తున్న అత్తయ్య చెయ్యి ఆగిపోయింది.

"ఈ వెడల్పాకు ఎక్కడిదే?"

"బండల పక్కన కోశానత్తయ్యా. జింబు కాదా?"

"పువ్వు లేదు. పోయినేడు మన జడలబర్రె తిని చచ్చింది ఇలాంటి ఆకే. దానికి ఉల్లి వాసన ఉండదు. వాసన చూడలేదూ?"

చూశాను. కానీ పొద్దుటినుంచి జింబు కోసిన చేతులు! ఏది పట్టుకున్నా జింబు వాసనే. బూడిదతో తోముకున్నా పోలేదు. అత్తయ్యకీ అంతే, ఊరందరికీ అంతే. ఆస్పత్రికేమో సగం రోజు దిగాలి.

"గోంపాకి పదండి, మీ నాయనమ్మ ఉందిగా!" అంది అత్తయ్య కొడుకుతో.

నాయనమ్మ ఆ బౌద్ధ మఠంలో ఉపవాసం ఉంది. ఆ వ్రతంలో ఉల్లి జాతిని దగ్గరికి రానివ్వరు. ఇవాళ రెండో రోజు, మంచినీళ్లూ ఉండవు, మాటా ఉండదు. ఊళ్లో శుభ్రంగా మిగిలిన ముక్కు ఆవిడదొక్కటే. ఆంగ్యాల్ని లాక్కుంటూ పరుగెత్తాను.

"కడుపులో ఏమైనా తేడాగా ఉందా?"

"కాస్త బరువుగా ఉంది. రెండు గిన్నెలు కదా."

"వేళాకోళమా? చంపేస్తాను!"

"ఆ పని నీ పప్పుకి వదిలెయ్."

అత్తయ్య ఆకును పట్టకారుతో పట్టుకుని మా చేతుల వాసన పోయేలా దారిలో వాగునీళ్లలో బాగా కడిగింది. నాయనమ్మకి సంగతి చెప్పి ముందు పెట్టింది. ఆవిడ జపమాల పక్కన పెట్టి, ఆకును చీల్చి, ముక్కుకి ఆనించింది.

మరుక్షణం ఆవిడ మొహం చిట్లించింది. ఆకు దూరంగా విసిరి, ముక్కు మూసుకుని, వేళ్లు కంబళికి రుద్దుకుంటూ, ఉపవాసంలో ఉన్నదానికి ఉల్లి తెస్తారా అన్నట్టు ఉరిమి చూసింది.

జింబే! బండల నీడన వెడల్పుగా పెరిగిన జింబే!

అంత కోపాన్నీ ముద్దు పెట్టుకోవాలనిపించింది. అత్తయ్య గోడకి చేరగిలబడి, "మా అత్త విసుక్కుంటే ఇంత హాయిగా ఉండటం ఇదే మొదలు" అంది.

నాయనమ్మ వేలెత్తి గుమ్మం చూపించింది. మేం ముగ్గురం నవ్వాపుకోలేక, చెప్పులు చేత పట్టుకుని బయటికి పరుగెత్తాం.