పెద్దకోడలి జుట్టు పెరగని రోజు

పొద్దున్నే స్టవ్ మీద పాలు పెట్టి, అత్తగారు కత్తెర పట్టుకుని పెరటి మెట్ల మీద కూర్చునేది. పెద్దకోడలు వచ్చి కింది మెట్టు మీద అటు తిరిగి కూర్చునేది. రాత్రికి రాత్రి పెరిగిన జుట్టుని మళ్ళీ భుజాల దాకా కత్తిరించాక గానీ ఆ ఇంట్లో కాఫీలు ఉండేవి కావు. పెద్దకోడలికి ఎవరిని చూసైనా కుళ్ళు పుడితే జుట్టు పెరుగుతుంది. కొంతమందికి మబ్బు పడితే మోకాళ్ళు లాగవూ, అలాగే.

“నిన్న ఏమైంది?” అనేది అత్తగారు చిక్కు తీస్తూ.

“పక్కింటావిడ కొత్త ఫ్రిజ్ కొంది.”

“ఎన్ని తలుపులు?”

“రెండు.”

“అదీ సంగతి. నడుం దాకా వచ్చింది.”

ఈమధ్య పక్కింటావిడ కూడా లెక్కలోంచి పోయింది. ఏడుపంతా చిన్నకోడలి మీదే. ఆ పిల్లకి ఇంట్లోనే కూర్చుని చేసే ఉద్యోగం వచ్చింది. చెవులకి హెడ్‌సెట్ తగిలించుకుని, తలుపు వేసుకుని, ముక్కూమొహం తెలియని కస్టమర్లతో రోజంతా తేనె పూసినట్టు మాట్లాడుతుంది. ఆ గొంతులో పావు వంతు ఇంట్లోవాళ్ళతో వాడితే ఏం పోయిందో మరి! ఆవిడగారు మాట్లాడుతున్నంతసేపూ మిక్సీ తిరగకూడదు, టీవీ మూగనోము పట్టాలి. అన్నిటికంటే ముఖ్యంగా, ముందుగదిలో పెద్దకోడలి కుట్టుమిషన్ ఆగిపోవాలి. ఆ చప్పుడు కాల్‌లోకి వెళ్తోందని చిన్నకోడలు ఉద్యోగంలో చేరిన వారంలోనే చెప్పింది. జాకెట్లు ఇచ్చినవాళ్ళు చూసి చూసి, సందు చివర షాపుకి పోయారు. మిషన్ మీద పాత దుప్పటి పడింది.

“అదొక్కతే పనిచేస్తోందా? మేమంతా గాడిదలు కాస్తున్నామా?” అని పెద్దకోడలు కోపం గిన్నెల మీద చూపించేది. అదీ చప్పుడు రాకుండానే.

చివరికి తనూ అలాంటి ఉద్యోగమే సంపాదించి, ఎదురుగదిలో తనూ తలుపేసుకుని కూర్చోవాలని పంతం పట్టింది. చిన్నకోడలిని ఒక్క మాట అడిగితే దారి చెప్పేది. కానీ అడగడం కంటే గోడకేసి తల కొట్టుకోవడం నయమనుకుంది. ఫోన్‌లో తనే వెతికింది. వెతికిన మధ్యాహ్నమే దొరికింది కూడా. ఇంట్లో కూర్చుని కాగితాలు చూసి టైపు చేయడమే పని. చదువు అక్కర్లేదు, ఇంటర్వ్యూ లేదు, మిగిలినవి రెండే సీట్లు. కంప్యూటర్ పంపడానికి డిపాజిట్ కట్టాలి, మొదటి జీతంతో అది వెనక్కి వచ్చేస్తుంది. ఇవన్నీ చెప్పిన మేడమ్ ఫోన్ చేస్తే ఎత్తదు, మెసేజ్‌లే పెడుతుంది. పని ఎక్కువగా ఉందేమోలే అనుకుంది పెద్దకోడలు.

మేడమ్ ఆమెని ఒక గ్రూపులో చేర్చింది. అందులో అందరూ ఆడవాళ్ళే, అదే పని చేస్తున్నవాళ్ళే. ఒకావిడ కారు పక్కన నిలబడింది, ఇంకొకావిడ కొత్త ఇంటి తాళాలు చూపించింది. పెద్దకోడలు ఆ ఫోటోలన్నీ సాయంత్రం దాకా చూసింది. డిపాజిట్ కోసం పాత మిషన్లు కొనేవాడికి కబురు పెట్టింది. మర్నాడు పొద్దున వచ్చి పట్టుకుపోతానన్నాడు.

మర్నాడు అత్తగారు కత్తెర పట్టుకుని చూస్తే కోయడానికి ఏమీ లేదు. జుట్టు భుజాల దగ్గర ఎక్కడిది అక్కడే ఉంది. కంగారుగా కోడలి నుదురు తాకి చూసింది. ఒంట్లో బాగుందా అని అడిగితే, కోడలు విషయమంతా చెప్పి, గ్రూపు తీసి చూపించింది.

“కారు కొన్నవాళ్ళని చూసి కూడా పెరగలేదా?” అంది అత్తగారు.

“లేదత్తయ్యా.”

“చిన్నదానికి జీతం పెరిగిందిట, తెలుసా?”

అన్నదో లేదో, ఆవిడ చేతిలో ఉన్న జుట్టు జరజరా దిగి మెట్టు మీద కుప్ప పడింది.

“జుట్టు బాగానే ఉందమ్మాయ్,” అంది అత్తగారు. “సీరియల్లో ఆడవాళ్ళు ఎన్ని నగలు దిగేసుకున్నా నీకు వెంట్రుక కదలదు. వాళ్ళు నిజంగా లేరు కాబట్టి. వీళ్ళూ లేరు.”

పెద్దకోడలు గబుక్కున గ్రూపు మూసేసింది. పోతే పోయింది ఉద్యోగం, ఉన్న ఒక్క మిషన్ కూడా పోయేదే! ఇంకా నమ్మకం చాలక, కత్తిరించని జుట్టు ఈడ్చుకుంటూ వెళ్ళి, ఎన్నడూ తట్టని ఆ తలుపు తట్టింది. చిన్నకోడలు హెడ్‌సెట్ తీసి ఫోన్ అందుకుంది. మెసేజ్‌లు సగం కూడా చదవలేదు.

“మాకు రెండు ఇంటర్వ్యూలు, ఒక పరీక్ష పెట్టారక్కా. కంప్యూటర్ వాళ్ళే పంపారు. పైసా అడగలేదు. ఉద్యోగం ఇవ్వడానికి డబ్బు అడిగితే అది ఉద్యోగం కాదు. డిపాజిట్ కట్టేశావా?”

“మిషన్ అమ్మితే కదా కట్టేది. వాడు వస్తూ ఉంటాడు.”

చిన్నకోడలి మొహం పాలిపోయింది. కిందకి చూస్తూ, వద్దక్కా, అమ్మకు అంది. హెడ్‌సెట్ తెచ్చి పెద్దకోడలి చేతిలో పెట్టింది.

“మిషన్ చప్పుడు కాల్‌లోకి వెళ్ళదక్కా. ఈ హెడ్‌సెట్‌లో బయటి చప్పుళ్ళేవీ అవతలివాళ్ళకి వినబడవు. నేను ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచీ చూస్తున్నా, వీధిలో వాళ్ళంతా నీకోసమే వచ్చేవాళ్ళు. నన్ను ఒక్కరైనా పలకరించేవాళ్ళు కాదు. తట్టుకోలేకపోయాను. నాదీ నీ రోగమే. నాకు జుట్టు పెరగదు కాబట్టి ఎవరికీ తెలియలేదు.”

పెద్దకోడలికి కోపం రావాలి. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఇన్నేళ్ళలో తనని చూసి కూడా ఒకరు ఏడ్చారన్న మాట చెవిన పడేసరికి, ఒళ్ళంతా తేలికైపోయింది. ఆ మాట మళ్ళీ చెప్పమని అడిగింది. చిన్నకోడలు ఏడుస్తూనే మళ్ళీ చెప్పింది.

మిషన్ కొనేవాడు బండితో వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. దుప్పటి తీసేసి ఉంది, సూదిలో దారం ఎక్కించి ఉంది. చిన్నకోడలి గది తలుపు బార్లా తెరిచి ఉంది. లోపలి నుంచి తేనె పూసిన గొంతు వినిపిస్తోంది. అమ్మడం లేదని పెద్దకోడలు తలెత్తకుండానే చెప్పి, మిషన్ తొక్కింది.