పొగగొట్టం మీది సద్ది డబ్బా

ఇంజిన్ పొగగొట్టానికి చుట్టిన రేకు మీద సద్ది డబ్బా పెట్టి, జారకుండా రాయి ఆనించాడు రాయమల్లు. మధ్యాహ్నానికి అన్నం పొయ్యి మీంచి దించినట్టే ఉంటుంది. కరీంనగర్ చెత్తగుట్టలోంచి గ్యాసు లాగి కరెంటు తీసే ఈ ప్లాంటు అతనికిచ్చిన సుఖం అదొక్కటే.

యాభై దాటిన మనిషి. కాయలు కాచిన అరచేతులు, వంగిన నడుము. లక్సెట్టిపేట చుట్టూ బావులు తవ్వి బతికాడు. బోర్లొచ్చి ఆ పని పోయాక ఇక్కడ చేరాడు. చెత్తలోంచి గ్యాసుతోపాటు నీళ్లూ వచ్చి ఒక లోతు గుంతలో చేరతాయి. గుంతలోని మోటారు చెడిపోతే నీళ్లు గొట్టాల్లో నిండి ఇంజిన్ ఆగిపోతుంది. అప్పుడు దిగేది రాయమల్లే. గ్యాసు పీల్చకుండా మాస్కు కావాలని ఎండాకాలం నుంచి అడుగుతున్నాడు. గేటుకు కొత్త రంగు వచ్చింది, సార్ల గదికి ఏసీ వచ్చింది. మాస్కు మాత్రం రాలేదు.

ఆ పొద్దునే గుంతలో మోటారు చెడిపోయి ఇంజిన్ ఆగింది. పెద్ద సార్లు చూడటానికి వచ్చే రోజు. సూపర్‌వైజర్ శ్యాంసుందర్ ఉరుక్కుంటూ వచ్చాడు.

"మాస్కు లేకుంట నేను దిగ సారూ. పోయినసారే కండ్లు తిరిగినయ్."

"రేపు తెప్పిస్త అన్న గద. గీ ఒక్కసారి దిగు. లేకుంటే సుల్తానాబాద్ నుంచి వేరేటోన్ని పిలుస్త."

వేరేవాడొస్తే రాయమల్లుకు రేపటి నుంచి పని లేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"నీ పానమైతే గిట్లనే దింపుతవా?" అన్నాడు రాయమల్లు. శ్యాంసుందర్ ఫోన్ చూసుకున్నాడు.

బావిలోనైతే దీపం దించి గాలి చూసుకునేవాడు. గ్యాసు దగ్గర నిప్పు పనికిరాదు. అందుకని వేపకొమ్మ నరికి, తాడుకు కట్టి, గుంతలో పైకీ కిందికీ ఆడించాడు. బావుల్లో చెడుగాలి అలాగే పోయేది. మొదట కుళ్లిన గుడ్ల కంపు కొట్టింది. కాసేపటికి ఆగింది. గాలి బాగైందనుకున్నాడు. ఈ గ్యాసు ఎక్కువైతే ముక్కే మొద్దుబారుతుందని, కంపు తెలియకపోతేనే ప్రాణం మీదికొచ్చినట్టని ఏ ఒక్క సారూ అతనికి చెప్పలేదు. చెప్పడానికి ఏం రోగం వీళ్లకు?

నిచ్చెన దిగి మోటారుకు తాడు బిగించాడు. "గుంజుండ్రి" అని పైనున్న కూలీలకు కేకేశాడు. మోటారు పైకొచ్చింది. రాయమల్లు రాలేదు.

ఫైరింజన్ వాళ్లు మాస్కులు పెట్టుకుని దిగి శవాన్ని తీశారు. అతని భార్య ఐలవ్వ గేటు పట్టుకుని ఊపింది.

"ఎండకాలం సంది అడుగుతే మాస్కియ్యలే. గిప్పుడు శవమిస్తుండ్రా?"

గేటు తీసినవాడు లేడు. సాయంత్రానికి కొత్త మోటారు దించి ఇంజిన్ నడిపించారు. పెద్ద సార్లు చూసి, బాగుందని వెళ్లిపోయారు.

పొగగొట్టం మీద, రాయి ఆనించిన చోటే, సద్ది డబ్బా మళ్లీ వేడెక్కింది.