చక్రం వదిలిన చేతులు

వదిన తలుపు తాళానికి తన కార్డు పెట్టింది. తలుపు పక్కన ఎర్ర దీపం వెలిగింది. కార్డును చీర కొంగుతో తుడిచి మళ్ళీ పెట్టింది. మళ్ళీ ఎర్ర దీపమే, తలుపు తెరుచుకోలేదు.

ఇది నేను కళ్ళారా చూశాను. అందుకే ఫ్యాక్టరీల్లో పనిచేసే అన్నలకూ, రేపు మాలాగే ఏదో ఒక గదిలో కూర్చోబోయే విద్యార్థులకూ చెబుతున్నాను. పొద్దున్నే కాపలా తాత పైకొచ్చి తలుపు అద్దం అవతల నిలబడి అరిచి చెప్పాడు. వదిన వాళ్ళమ్మ స్నానాల గదిలో జారిపడిందట. తుంటి విరిగిందట. ఆపరేషనుకు తీసుకెళ్ళేలోగా కూతుర్ని చూడాలని ఏడుస్తోందట. మా ఫోన్లు కింద లాకర్లలో పెట్టించుకుంటారు, సినిమా బయటికి పొక్కుతుందని. కాబట్టి తల్లి కబురు కూడా అద్దం అవతలి నుంచే వినాల్సి వచ్చింది.

ఆ సినిమా సంగతీ చెప్పాలి. మా చిన్నప్పటి నుంచి ఏళ్ళ తరబడి వస్తున్న రోబోల బొమ్మల సినిమాలు మీరూ చూసే ఉంటారు. ప్రతి భాగంలోనూ లోకాన్ని కాపాడే ఆ పెద్ద రోబో అసలు ఎక్కడ పుట్టింది, ఎలా అంతటిదైంది అని చెప్పే కథ ఇది. మొదట్లో అదీ కూలి రోబోనే. నేల కింద వేల రోబోలు కలిసి ఒక మహా చక్రం తిప్పుతుంటాయి. అది తిరిగితేనే పైనున్న నగరంలో దీపాలు వెలుగుతాయి. ఒకరోజు అన్నీ కలిసి చక్రం మీంచి చేతులు తీసేస్తాయి. ఆ షాట్ మా వంతు. తిరుగుబాటు బొమ్మను తాళం వేసిన గదిలో చేయించారు. మీకు నవ్వొస్తే నవ్వండి, మాకు రాలేదు.

ఎక్కడో పెద్ద కంపెనీ తీసే సినిమాలో ముక్కలు గుత్తకు తెచ్చి మా చేత చేయించేవాణ్ణి మొహం మీద సార్ అంటాం, వెనక మేస్త్రీ అంటాం. అతనికి గది మూలన నాలుగు మెట్ల ఎత్తులో అద్దాల క్యాబిన్ ఉంది. నేను కంప్యూటర్లో రోబోల ఒంటికి తుప్పు రంగు వేసేవాణ్ణి. గుంపులను కదిలించే పని వదినది. వయసులో నాకంటే చిన్నదే, అయినా అందరికీ వదినే.

మా పనిలో ఒక పద్ధతుంది. రోబోను కదిలించే ముందు ఆ కదలికను మేమే నటించి వీడియో తీసుకుంటాం. మా నడుం ఎలా వంగితే దాని నడుం అలా వంగుతుంది. చక్రం షాట్‌కి అందరం పొడుగాటి బల్ల అంచు పట్టుకుని తోసి, చేతులు వదిలాం. దాన్ని చూసి వదిన వేల రోబోలను కదిలించింది. షాట్ పంపాం, వెనక్కి వచ్చింది. అక్కడి దర్శకుడు ఒక్కటే అడిగాడట. చేతులు తీసే ముందు ఇవన్నీ కుడివైపు పైకి ఎందుకు చూస్తున్నాయి, అక్కడేముంది అని.

మా వీడియో పెట్టుకుని చూశాం. చేయి ఎత్తే ముందు ప్రతి ఒక్కరం మేస్త్రీ క్యాబిన్ వైపు చూశాం. వదిన చూసింది, మాలో పెద్దవాడైన మాస్టారు చూశాడు, నేనూ చూశాను. మా భయం వేల రోబోలకు అంటుకుంది, మాకే తెలియకుండా. సిగ్గుతో ఒకరి మొహం ఒకరం చూసుకోలేకపోయాం. మేస్త్రీ మాత్రం సిగ్గుపడలేదు. షాట్ సరిచేసేదాకా మా కార్డులు పనిచేయకుండా ఆపించాడు. ఆ రాత్రి బల్లల కిందే పడుకున్నాం. తెల్లారి వదినకు కబురొచ్చింది.

మేస్త్రీ మెట్లు దిగి వచ్చాడు. బాధగా మొహం పెట్టి, సాయంత్రానికల్లా షాట్ వెళ్ళిపోతే తలుపు దానంతటదే తెరుచుకుంటుందన్నాడు. గుంపు పని ఇంకెవరికీ రాదు కదా అన్నాడు. మనమంతా ఒక కుటుంబం అని కూడా అన్నాడు.

"మా అమ్మ ఏ కుటుంబం సార్?" అంది వదిన.

అతను మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

అందరం బల్ల చుట్టూ చేరాం. ఒకడు అద్దం పగలగొడదామన్నాడు. ఇంకొకామె, ఉద్యోగం పోతే మా ఇంట్లో పొయ్యి వెలగదని ఏడ్చింది. మాస్టారు ఒకప్పుడు బడిలో లెక్కలు చెప్పి, ఆ బడి మూతపడ్డాక ఈ పనిలోకి వచ్చాడు. ఆయన మెల్లగా, గబగబా షాట్ పూర్తిచేసేద్దాం, అమ్మాయి దగ్గర కూర్చుని తలా ఒక చెయ్యి వేద్దాం, అదే దగ్గరి దారి అన్నాడు. నేనూ తలూపాను. ఇరుక్కున్నవాడికి తాళం వేసినవాడు చెప్పిన దారే దగ్గరగా కనిపిస్తుంది.

"నా చేతులు వణుకుతున్నాయి మాస్టారూ. ఇప్పుడు చేస్తే ఆ రోబోలూ వణుకుతాయి." వదిన లేచి కెమెరా సరిచేసింది. "ముందు వీడియో మళ్ళీ తీద్దాం. ఈసారి ఎవరూ అటు చూడకండి."

బల్ల అంచు పట్టుకున్నాం. పని మొదలైందని మేస్త్రీ పైనుంచి బొటనవేలు ఎత్తి చూపించాడట. అది తర్వాత అతని నోటే విన్నాం, అప్పుడు ఎవరం చూడలేదు. ఒంటి బరువంతా వేసి తోశాం. నాకు పక్కవాళ్ళ ఊపిరి వినబడుతోంది. వదిన "వదలండి" అంది. వదిలేశాం.

అంతటితో వీడియో అయిపోయింది. ఎవరి కుర్చీకి వాళ్ళు వెళ్ళాలి. ఎవరూ వెళ్ళలేదు. ముందే అనుకున్నామని కోతలు కోయను, ఎవరం ఏమీ అనుకోలేదు. ఆ చేతులు మళ్ళీ మౌసు మీదికి పోనంటున్నాయి, అంతే. అప్పుడు దగ్గరి దారి చెప్పిన మాస్టారే అందరికంటే ముందు తలుపు వైపు నడిచాడు. వెనకే అందరం వెళ్ళి నిలబడ్డాం.

మేస్త్రీ పరుగున వచ్చాడు. అందర్నీ పీకేస్తానన్నాడు, ఈ ఊళ్ళో ఎక్కడా పని దొరక్కుండా చేస్తానన్నాడు. ఎవరూ కదలకపోయేసరికి గొంతు మార్చాడు. సరే, వదిన ఒక్కతే వెళ్ళొచ్చు, మిగతావాళ్ళు కూర్చుని పని కానివ్వండి అన్నాడు.

వదిన మా వైపు తిరిగింది. "నేనొక్కదాన్నే ఎలా వెళ్ళను?"

"నువ్వు వెళ్ళమ్మా," అన్నాడు మాస్టారు. "ఇక్కడి సంగతి మేం చూసుకుంటాం."

మేస్త్రీ తన కార్డు పెట్టాడు, పచ్చ దీపం వెలిగింది. వదిన మెట్ల మీద దిగుతున్న చప్పుడు కిందిదాకా వినిపించింది. తలుపు దానంతటది మూసుకోబోతుంటే మాస్టారు గడప మీదికి జరిగి నడుం అడ్డం పెట్టాడు. తాళం కీచుమని మొత్తుకోసాగింది.

"జరగండి మాస్టారూ."

"జరగను సార్. ఇక ఈ తలుపు పడదు."

మేస్త్రీ తెలివైనవాడు. ఇళ్ళకు పోవాలనుకున్నవాళ్ళు పోండి, నేనేమీ అనుకోను అన్నాడు. ఎదురుగా మెట్లు కనిపిస్తున్నాయి. ఒళ్ళంతా నొప్పులు, ఇంటికెళ్ళి పడుకోవాలని ఎంత ఉందో చెప్పలేను. కానీ అందరం వెళ్ళిపోతే తలుపు పడుతుంది. రేపు అదే కార్డు, అదే ఎర్ర దీపం. బయటికి పోయేటప్పుడు ఎవరినీ ఆపకూడదు, ఆ తాళం ఊడదీయాలి, అప్పుడే పని అన్నాం. అని అక్కడే నేల మీద కూర్చున్నాం.

మధ్యాహ్నం దాటాక కాపలా తాత ఆయాసపడుతూ వచ్చాడు. వదిన ఫోన్ చేసిందట. సమయానికి అందుకుందట, తల్లి చెయ్యి పట్టుకుని ఆపరేషను గది గుమ్మం దాకా నడిచిందట. పొద్దున ఏడ్చినామె మళ్ళీ ఏడ్చింది, ఈసారి వేరే ఏడుపు.

షాట్ వెళ్ళాల్సిన వేళ దాటిపోయింది. వెలుగుండగానే పోలీసులు వచ్చారు. మేము సినిమాను దొంగిలిస్తున్నామని మేస్త్రీ ఫిర్యాదు చేశాడు. ఇన్‌స్పెక్టరు లోపలికి తొంగిచూసి, మీ నాయకుడెవరని అడిగాడు. అది నిజంగానే మాకూ తెలియదు. గడప మీద ఉన్నాడు కాబట్టి మాస్టారి రెక్క పట్టి లాగారు. కళ్ళజోడు కిందపడింది. తలుపు మూసుకోవడం మొదలైంది.

నేను లేచి ఆ చోట నిలబడ్డాను.

"నువ్వెవడివిరా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"తుప్పు వేసేవాణ్ణండి. జరగను."

నన్నూ పట్టుకున్నారు. మెట్లు దిగుతూ తల తిప్పి చూశాను. పొయ్యి వెలగదని ఏడ్చినామె గడప మీద నిలబడి ఉంది, ఆమె వెనక మిగిలినవాళ్ళంతా వరసకట్టి తమ వంతు కోసం నిల్చున్నారు.