నలభై నిమిషాల మాట

నెలకోసారి హెడ్డాఫీసులో ఆమె పని ఇదీ: నలభై మూడు బ్రాంచీల కంప్యూటర్లలో ఎంత చోటు మిగిలిందో చూడటం, చాలనిచోట పనికిరానివి తీసేయమని బతిమాలటం, ఆ తర్వాత కొండంత అప్‌డేట్‌ని దారప్పోగుల్లాంటి నెట్ లైన్లలోంచి కొంచెం కొంచెంగా పంపటం. రాత్రిపూట పంపొచ్చుగా అని సలహా ఇవ్వనివాళ్ళు లేరు. సాయంత్రం తాళం వేసేటప్పుడు వాచ్‌మన్ మెయిన్ స్విచ్ కట్టేస్తాడని వాళ్ళలో ఒక్కరికీ తెలియదు. కొత్త డిస్కులు కొనండి, లైన్లు పెంచండి అని ఆమె ఆరేళ్ళుగా రాస్తూనే ఉంది. పైవాళ్ళు ఆరేళ్ళుగా పరిశీలిస్తూనే ఉన్నారు. అంత పరిశీలించి చివరికి కొన్నది రిసెప్షన్‌లో ఒక ఫౌంటెన్.

అందుకే తన పద్ధతేదో తను పెట్టుకుంది. బ్రాంచికి ఒక్క మెషీనే అప్‌డేట్ దించుకుంటుంది, మిగతావి దాన్నుంచి తీసుకుంటాయి. లైన్‌లో ఐదో వంతు మించి వాడకుండా లిమిట్ కూడా పెట్టింది. ఆ లిమిట్ తీసేస్తే బ్రాంచిలో మనుషుల నోట్లో మాటే నెమ్మదిస్తుంది. లైన్ నిండాక మాటకి మాత్రం దారేది? లిమిట్ లేని రోజుల్లో కౌంటర్‌లో "తర్వాతివారు" అనడానికే పావుగంట పట్టేది. గుమ్మం దాటితే మామూలే. ఒకసారి ఒక కస్టమర్ బయటికెళ్ళి, తిట్టాల్సినవన్నీ తిట్టి, మళ్ళీ లోపలికొచ్చి బుద్ధిగా కూర్చున్నాడు.

అన్నిటికన్నా సన్నటి లైన్ ఆమె అక్క పనిచేసే బ్రాంచిది. అక్క అక్కడ పదకొండేళ్ళుగా కౌంటర్‌లో ఉంది. పోయిన నెల అప్‌డేట్‌కి చోటు చేసే వంకతో కస్టమర్ల ఫిర్యాదుల ఫోల్డర్‌ని ఎవరో మొత్తం తీసేశారు. నింద అక్క మీద పడింది. ఇవాళ పదకొండింటికి వీడియోలో విచారణ. అక్క మేనేజర్‌ని అందరూ చిరునవ్వు సారు అంటారు. నేనే తీసేశానని ఒప్పుకుంటే హెచ్చరిక కాగితంతో పోతుంది, లేదంటే ఏళ్ళ తరబడి తిప్పుతారు అని ఆయన అక్కకి నచ్చజెప్పాడు.

పొద్దున ఫోన్‌లో అక్క గొంతు నీరసంగా ఉంది. "ఓపిక లేదే. ఒప్పేసుకుని ఇంటికెళ్ళి పడుకుంటా."

"చెయ్యని దానికా?"

"చేసినవాటికి ఎవరు మెచ్చుకున్నారు గనక."

విచారణ చేసే మేడమ్ హెడ్డాఫీసులోనే, చెల్లెలి సీటు పక్క అద్దాల గదిలో కూర్చుంది. స్క్రీన్ వైరు సరిచెయ్యడానికి వెళ్ళిన చెల్లెలు, మేడమ్ ఫైలు కింద పెట్టిన కాగితం చూసింది. అది హెచ్చరిక కాదు, ఉద్యోగంలోంచి తీసేసే ఉత్తరం. అక్క పేరు టైపు చేసే ఉంది. తేదీ ఒక్కటే ఖాళీ.

అక్కకి చెబుదామంటే విచారణకి ఫోన్లు బయట పెట్టించారు. మేడమ్‌కి చెబితే, తోడబుట్టినదాని మాట ఎవరు నమ్ముతారు? ఫోల్డర్ తీసింది ఎవరి లాగిన్‌తోనో పాత రికార్డుల్లో ఉంటుంది. కానీ చోటు లేక వాటిని కుదించి, అన్నిటికన్నా ముసలి డిస్కులో కుక్కేసింది తనే. విప్పడానికి నలభై నిమిషాలు. విచారణకి ఐదు.

సీటులోకొచ్చి రికార్డు విప్పటం మొదలుపెట్టింది. అద్దం అవతల స్క్రీన్ మీద అక్క జుట్టు బిగించి ముడేసుకుని, తలొంచుకుని కూర్చుంది. పక్క కుర్చీలో చిరునవ్వు సారు. మేడమ్ ఏదో అడిగింది. అక్క తలెత్తి నోరు తెరిచింది.

చెల్లెలు అక్క బ్రాంచి లిమిట్ తీసేసి అప్‌డేట్ వదిలింది.

అక్క నోరు తెరిచే ఉంది. మాట రాలేదు. మేడమ్ కాసేపు చూసి, తెరిచి ఉన్న తలుపు వైపు మెడ తిప్పి అడిగింది. "అప్‌డేటా?"

"అవును మేడమ్."

"ఇప్పుడేనా?"

"ఆ మెషీన్‌లో ఇప్పుడే చోటు దొరికింది మేడమ్."

మేడమ్ నిట్టూర్చి, బల్ల కింద చెప్పులు విడిచి, కళ్ళు మూసుకుంది. ఆవిడకిది ఆ వారంలో తొమ్మిదో విచారణ.

ముప్పై ఎనిమిదో నిమిషంలో రికార్డు విచ్చుకుంది. పోయిన నెల, మధ్యాహ్నం ఒంటిగంటా పది. మేనేజర్ లాగిన్, మేనేజర్ కంప్యూటర్. ఆ వేళకి అక్క మెషీన్ లాక్ చేసి ఉంది, భోజనానికి వెళ్ళింది. చెల్లెలు ప్రింటు తీసి మేడమ్ ముందు పెట్టింది. మేడమ్ దాన్ని రెండుసార్లు చదివింది. ఫైలు కింది కాగితం లాగి, నాలుగు మడతలు పెట్టి హ్యాండ్‌బ్యాగులో పడేసుకుంది.

"మీరేం చెప్పక్కర్లేదమ్మా," అంది స్క్రీన్ వైపు చూస్తూ. "మేనేజర్ గారూ, మీరు చెప్పండి."

అక్క మెల్లగా నోరు మూసుకుంది. చిరునవ్వు సారు "అది" అనబోయాడు. మొదటి అక్షరం సాగుతుండగానే అప్‌డేట్ పూర్తయింది. లైన్ ఖాళీ అయి, రెండో అక్షరం ఆ నిశ్శబ్దంలో ధన్‌మని పడింది.

పని వేళల్లో లిమిట్ ఎందుకు తీశావని మధ్యాహ్నానికల్లా చెల్లెలికి మెమో వచ్చింది. పరిశీలిస్తున్నాను అని జవాబు రాసింది. అంతలో అక్క ఫోన్.

"ఒసేయ్, ఆ మాట ఇంకా గొంతులోనే ఉందే. ఏం చెయ్యను?"

"మంచినీళ్ళు తాగి మింగెయ్."

అక్క గుటకలు వేస్తున్న చప్పుడు వినిపించింది. గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని, చెల్లెలు తర్వాతి బ్రాంచిలో చోటెంత ఉందో చూసింది. ఇంకా నలభై రెండున్నాయి.