నడిచేటోళ్ల పేజీ

చపాతీలు కాలుస్తూ కూడా నేను లోపల్లోపల సెకండ్లు లెక్కపెడుతున్నానని మా అత్తమ్మ ప్రమీలమ్మ కనిపెట్టింది. “రోడ్డు మీద నిలవడి బండ్లు లెక్కవెట్టే కోడలు మాకే దొరకాల్నా,” అంది. కోడలు కోరి నిలబడలేదు. ఆమె కొడుకే నిలబెట్టాడు.

ఆయన, పరుశురాం, యూనివర్సిటీలో ట్రాఫిక్ ఇంజనీరింగ్ లెక్చరర్. తార్నాక చౌరస్తాలో సిగ్నల్ టైములు మార్చారు కదా, దాంతో రద్దీ నిజంగా తగ్గిందా లేదా తేల్చడం ఆయన ప్రాజెక్టు. నేనూ అదే చదువు చదివాను. పెళ్లయ్యాక పీహెచ్‌డీ సగంలో ఆపాను. ఆపించారు అనాలి, ఇంకా నోరు రావట్లేదు. “ఇంట్ల ఖాళీగనే ఉంటవ్ గదా, జర లెక్క రాయ్,” అన్నారు. ఖాళీ అట! నాలుగింటికి లేచి వంట ముగించి, రాసుకునే అట్టా పెన్నూ పట్టుకుని, టైములు మార్చకముందు పది రోజులు, మార్చాక పది రోజులు ఫుట్‌పాత్ మీద నిలబడ్డాను. ఆగిన ప్రతి బస్సుకో గీత, ఆటోకో గీత, పక్కన ఎంతసేపు ఆగిందో.

రోడ్డు దాటడానికి ఆగే మనుషులనూ రాశాను. అది ఆయన చెప్పిన పని కాదు. మౌలాలి బస్సు దిగి క్యాంపస్ హాస్టల్ ఊడ్వడానికి వెళ్లే రాములవ్వ రోజూ నా పక్కనే ఆగేది. “బండ్లనే రాస్తవా, నన్ను గూడ రాస్తవా బిడ్డా?” అని అడిగింది. రాస్తానన్నాను. మునుపు నిమిషంలోపే దాటేది. టైములు మారి బండ్లకు పచ్చలైటు పెరిగాక రెండు నిమిషాలైనా అక్కడే, మోకాళ్లు పట్టుకుని.

నిన్న రిపోర్టు టైపయి వచ్చింది. బండ్ల ఆలస్యం సగానికి తగ్గిందని మొదట్లోనే ఉంది. సొమ్మొకడిది సోకొకడిది అన్నట్టు, గీతలు నావి, పేరు ఆయనది. దానికి అలవాటు పడ్డాను. కానీ నడిచేవాళ్ల పేజీయే లేదు. అడిగితే తలెత్తలేదు.

“నడిచేటోళ్లు దాంట్ల రారు. మనది ట్రాఫిక్.”

ఒళ్లు మండింది, వెంటనే ఏడుపూ వచ్చింది. ఆలస్యం ఎక్కడ తగ్గింది? బండ్ల మీంచి దిగి రాములవ్వ మోకాళ్లలోకి పోయింది. ఈ ఇంట్లోనూ అంతే. ఆయన టైముకి క్లాసుకు వెళ్తారు, అత్తమ్మ టైముకి మాత్రలు వేసుకుంటుంది, ఆగేది నేను. అందరూ తిన్నాక తిందాం, మా పాప బడికెళ్లాక చదువుదాం, ఈ ప్రాజెక్టు అయ్యాక అడుగుదాం. ఆరేళ్లు. నన్ను ఎవరూ రాయలేదు సరే, నేనైనా రాసుకున్నానా?

సాయంత్రం టెలిఫోన్ బూత్ నుంచి విశాలాక్షి మేడంకి ఫోన్ చేశాను. నా పాత గైడు, ఇప్పుడు డిపార్ట్‌మెంట్ హెడ్డు. పొద్దున్నే కాగితాలు తీసుకుని రమ్మన్నారు. ఆగిన పీహెచ్‌డీ ఆ పేజీతోనే మొదలుపెడతాను, కింద నా పేరు రాసి.

ఈ ఉదయం స్టవ్ వెలిగించలేదు. గీతల కాగితాలన్నీ సంచిలో సర్దుకుని చెప్పులు వేసుకుంటుంటే, ఆయన చేతిగడియారం చూపించారు.

“క్లాసుకు టైమయితున్నది. నా టిఫిన్ ఏది?”

“ఆగుండ్రి,” అన్నాను.