కుర్చీలు వేసిన సభ

"అందరూ కూర్చున్నారుగా! ఒప్పుకున్నట్టే. రాసుకోండి," అన్నాడు క్వారీ కంపెనీ ఆఫీసరు.

హాల్లో వరసగా వేసిన ప్లాస్టిక్ కుర్చీల్లో కొండవాళ్లంతా కూర్చుని ఉన్నారు. వాళ్ల సభలో చేతులెత్తే పద్ధతి లేదు. మాట నచ్చనివాళ్లు లేచి నిలబడతారు. ఒక్కరు నిలబడినా తీర్మానం లేనట్టే. ఆ గుట్టు ఆఫీసరుకి చెప్పింది కంపెనీలో సమన్వయకర్తగా పనిచేస్తున్న కొండమనిషే. సభ మొదలైందని చెప్పకుండా, మర్యాద చేస్తున్నట్టు అందర్నీ కూర్చోబెట్టమన్నదీ అతనే. మోకాళ్ల నొప్పుల పెద్దమ్మ అందరికంటే ముందు కూలబడి, "మనవాడు ఆఫీసులో ఉంటే ఇదీ సుఖం" అని మురిసిపోయింది కూడాను.

ఎందుకు చేశాడయ్యా అంటే, కడుపుమంట. అంతకుమించి గొప్ప కారణమేమీ లేదు. ఏళ్ల తరబడి చెప్పులరిగేలా తిరిగి అతను కంపెనీ తరఫున మీటింగులు పెడితే జనం టీ తాగి వెళ్లిపోయారు. అతని చెల్లెలు నర్సు. నిన్నగాక మొన్న కుర్రకారును పోగేసి యువజన సంఘం పెట్టిందో లేదో, పెద్దలు సభలో ఆమెను పక్కన కూర్చోబెట్టుకున్నారు. అందరికీ 'చిన్నక్క' అయిపోయింది. "చిన్నక్క ఏమంటోంది?" అని అతన్నే అడిగేవాళ్లు. అడిగినప్పుడల్లా ఒళ్లు మండేది.

ఆస్పత్రి డ్యూటీ దిగి ఆమె పరుగున వచ్చేసరికి ఆఫీసరు కాగితాలు సర్దుకుంటున్నాడు.

"ఏం ఒప్పుకున్నారని రాశారు?"

"కొండ తవ్వకానికి. మీ పద్ధతి ప్రకారమే."

"మా పద్ధతి మీకెవరు చెప్పారు?"

ఆఫీసరు సమన్వయకర్త వైపు చూశాడు. హాలంతా అటే తిరిగింది.

"నువ్వట్రా?" అంది పెద్దమ్మ. "మనం తాగేది ఆ కొండ ఊటనీళ్లే కదరా! చెల్లెలి మీద కోపముంటే దాన్ని నాలుగు తిట్టు. మా నోట్లో మట్టి కొడతావా?"

"ఎప్పుడూ దాని మాటేనా? నేను మాత్రం ఈ కొండలో పుట్టలేదా? నన్నొక్కసారి అడిగారా?"

"అడగలేదన్నయ్యా," అంది చెల్లెలు. "కంపెనీ మాట మా దగ్గరికి మోసుకొచ్చావు. మా మాట ఒక్కసారన్నా అక్కడికి మోసుకెళ్లావా?"

అతను ఆఫీసరు పక్కకి జరిగాడు.

జనం లేచారు. వడ్రంగి తన కుర్చీ తీసి వాకిట్లోకి విసిరాడు. ఆ వెనకే మిగతావీ వెళ్లాయి. ఆఫీసరు ఫోన్ చేస్తే పోలీసు వ్యాను వచ్చింది.

"ఈమే రెచ్చగొట్టిందని చెప్పు చాలు," అన్నాడు ఆఫీసరు అతని చెవిలో. "ఇక ఇక్కడ నువ్వే నాయకుడివి."

అబద్ధమెందుకు, అతనికి ఆశ పుట్టింది. పెద్దమ్మ కళ్లు తుడుచుకుంటూ ఉంది, అతని వైపు చూడనైనా లేదు.

"తీర్మానం రాసేటప్పటికి ఈమె రానే లేదు," అన్నాడు ఇన్‌స్పెక్టరుతో. "కుర్చీలు వేయించింది నేను. మోసం చేసింది నేను. ఇక్కడెవరూ దేనికీ ఒప్పుకోలేదు."

ఇన్‌స్పెక్టరు ఆ మాట పట్టించుకోలేదు, ఇద్దర్నీ వ్యాన్లోకి తోయించాడు. జనం చుట్టుముట్టి, "చిన్నక్కను వదలాలి!" అని వ్యాను రేకు మీద బాదుతున్నారు. అతని ఊసెత్తినవాడు ఒక్కడూ లేడు. మళ్లీ అదే మంట.

"మొహం అలా పెట్టావేం?" అంది చెల్లెలు.

"నన్ను వదలమని ఒక్కడూ అనడే!"

ఆమె పకపకా నవ్వింది. "అనరు మరి. ఇవాళ్టికి తిట్టకపోతే చాలనుకో."

అతను కిటికీ చువ్వలకు మొహం ఆనించి, కడుపులో ఉన్న అక్కసంతా గొంతులోకి తెచ్చుకుని అరిచాడు.

"కొండ ఎవరిది?"

రేకు మీద బాదుతున్న చేతులు ఆగాయి.

"మాది!" అంది పెద్దమ్మ, అతని వైపు చూడకుండానే. తర్వాత అందరూ అన్నారు.