రెండుసార్లు ఎక్కే ఇష్‌బెల్

పంతొమ్మిది వందల తొంభై ఒకటి జూన్ తొమ్మిదిన ఇష్‌బెల్, ఆమె భర్త కాలమ్ తమ ద్వీపంలోని పెద్దకొండ మెడ దగ్గర, శిఖరానికి కాస్త కింద సన్నబడ్డ చోట, కూర్చుని తిన్నది ఓట్స్ పిండిలో వేయించిన హెర్రింగ్ చేప, చల్లారిన బంగాళాదుంపలు. శిఖరం పిలిస్తే పలికేంత దూరంలో ఉంది. చినుకులు మొదలయ్యాయి. కాలమ్ వేళ్లు నాక్కుని, "పద, పోదాం" అన్నాడు. పైకి కాదు, కిందికి. ఆ తర్వాత చాలా ఏళ్లు బతికి, ఒక తెల్లవారుజామున తన మంచం మీదే, ఆమె పక్కనే, నిద్రలో పోయాడు.

ఈ ఉదయం ఆమె రొట్టె, జున్ను గుడ్డలో చుడుతుంటే మరిది టోర్మోడ్ వ్యాన్ హారన్ కొట్టాడు. ఇష్‌బెల్ హోటల్లో దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేస్తుంది. వయసు అరవై దాటినా, తడి దుప్పట్లు పిండీ పిండీ ఆమె ముంజేతులు పడవ లాగేవాళ్ల చేతుల్లా ఉంటాయి. సోమవారం ఇన్వర్నెస్ ఆసుపత్రిలో ఆమె ఎడమ తుంటి కీలు మారుస్తారు. ఆ తర్వాత చదును నేల మీద ఎంతైనా నడవచ్చుగానీ రాళ్లెక్కడం కుదరదని డాక్టరు తేల్చేశాడు. అందుకే, అప్పుడు వదిలేసిన ఆ శిఖరానికి ఈ రోజు ప్రయాణం.

స్కై ద్వీపంలో అందరూ ఆ కొండను ముసలిది అనే అంటారు.

"ముసలిదాన్ని చూడ్డానికి ముసలిది బయల్దేరిందా?" అన్నాడు టోర్మోడ్.

"నోరు మూసుకుని నడుపు. నువ్వేమన్నా పెళ్లికొడుకువా?"

"ఎన్నింటికి రమ్మంటావ్ వదినా?"

"నాలుగింటికి. ఐదైనా రాకపోతే మీ పాత జట్టును లేపు."

"వాళ్లు లేవాలంటేనే ఇద్దరు పట్టుకోవాలి. నువ్వే దిగొచ్చెయ్."

టోర్మోడ్ ఒకప్పుడు కొండల్లో చిక్కుకున్నవాళ్లను దించుకొచ్చే జట్టులో ఉండేవాడు. వెళ్లొద్దని మాత్రం ఆమెతో ఎప్పుడూ అనలేదు.

ముసలిదాని ఒళ్లంతా గరుకురాయి. తడిసినా కాలిని వదలదు. దాని మధ్యలో నల్లరాతి చారలు అరిగిపోయి మెట్లలా ఉంటాయి. ఎండలో అవి ఇంటి మెట్లే, తడిస్తే సబ్బుబిళ్లలు. గరుకురాయి ఇచ్చిన ధీమాతో తడి నల్లరాతి మీద కాలేయడం ఈ ద్వీపంలో పుట్టినవాళ్లు కూడా చేసే పొరపాటు.

ఇష్‌బెల్‌ది కాలమ్ నేర్పిన పద్ధతి. కష్టమైన ప్రతి చోటా ఒక అడుగు ఎక్కుతుంది, వెంటనే దిగి చూస్తుంది, దిగగలిగితేనే మళ్లీ ఎక్కుతుంది. ప్రతి కొండనూ వదిన రెండుసార్లు ఎక్కుతుందని టోర్మోడ్ ఊరంతా చెప్పి నవ్విస్తాడు. ఆమెకు కోపం రాదు. దిగి చూసినప్పుడల్లా రాయిమీద ఒక కొత్త గంటు కనబడుతుంది, ఒక్కోసారి పగుల్లో పూసిన చిన్న ఊదారంగు పువ్వు కూడా.

మధ్యాహ్నానికి మెడ దగ్గరికి చేరింది. ఇక మిగిలింది ఒక్క నల్లరాతి మెట్ల వరస. చేతుల బలంతో మొదటి మెట్టు సునాయాసంగా ఎక్కింది. దిగి చూడబోయింది. ఎడమకాలు గాలిలో వేలాడింది. తుంటి తిరగలేదు. కాలివేలు రాతిని తడుముతూ తడుముతూ ఎప్పటికోగానీ ఆనలేదు. అప్పుడే ఒక చినుకు రాతిమీద పడి నల్లటి మచ్చ కట్టింది.

పైనుంచి ఎర్రకోటు మనిషి ఒకతను దిగుతూ కనిపించాడు. "వచ్చేశారమ్మా! ఇంకో పది నిమిషాలే. చెయ్యివ్వనా?"

"చేతులకేం, బాగానే ఉన్నాయి నాయనా. తుంటే మాట వినడం లేదు."

"అయ్యో, ఇంతదూరం వచ్చి..."

"దూరమే మరి. అదంతా మళ్లీ దిగాలిగా."

అతను నవ్వి, జాగ్రత్త చెప్పి దిగిపోయాడు. ఇక చూసేవాళ్లు లేరు. శిఖరం తేటగా కనిపిస్తోంది. ఎక్కడం ఆమెకు చేతనవును. దిగడం అదృష్టాన్ని బట్టి. సోమవారం తర్వాత ముసలిది ఇక్కడే ఉంటుంది, తనకే ఇక రావడం కుదరదు. ఇష్‌బెల్‌కు ఏడుపొచ్చింది. కోపం కొండమీద కాదు, ఆ ఎడమకాలి మీద. చెయ్యి అందినంత పైకి చాచి అరచెయ్యి రాతికి ఆనించింది. రాయి ఇంకా వెచ్చగానే ఉంది. వేళ్ల సందుల్లోకి నీళ్లు జారేదాకా అలాగే నిలబడింది.

తర్వాత మొహం రాతివైపే ఉంచి, కాలు కిందికి పెట్టింది.

దిగే దారిలో ఆఖరి నల్లమెట్టు దాటాకగానీ పెద్దవాన అందుకోలేదు. ఆ మాత్రం దయకు ఆమె తలెత్తి దండం పెట్టింది. బాట మొదట్లో టోర్మోడ్ వ్యాను బయటే తడుస్తూ నిలబడి ఉన్నాడు.

"శిఖరం అందిందా?"

"లేదు. ఆఖరి మెట్ల దగ్గర వెనక్కి తిరిగా."

"ఈసారి లెక్క తప్పావ్ వదినా. ఒకసారే ఎక్కావ్, అదీ ముప్పాతికే."

ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది. అతను నవ్వలేదు. వ్యాను తలుపు తీసి పట్టుకుని, "నేను కిందికి మోసినవాళ్లలో ఒక్కళ్లయినా అక్కడ వెనక్కి తిరిగుంటే..." అన్నాడు.

రాత్రి వాళ్లింట్లోనే చేపల సూప్ తాగింది. వెళ్తూ ఇష్‌బెల్, టోర్మోడ్ భార్యవి గుడ్డచెప్పులు అడిగి వేసుకుంది. తడిసిన బూట్లు చూపించి, "ఇవి నాకొద్దులే. ఎవరి కాళ్లకన్నా పడితే ఇచ్చెయ్" అంది. వానలో ఆమె కుంటుతూ పక్కనే ఉన్న తనింటి దాకా వెళ్లడం, అక్కడ దీపం వెలగడం అతను కిటికీలోంచి చూశాడు.

తర్వాత పాత పేపర్లు నలిపి, రేపు మళ్లీ కొండెక్కేవాళ్ల బూట్లలో కుక్కినట్టే వాటినిండా కుక్కాడు. తోలు పగలకుండా పొయ్యికి కాస్త ఎడంగా పెట్టాడు. బూట్ల మడమలు ఆమె కుంటే ఎడమవైపే అరిగి ఉన్నాయి. వాటినక్కడే ఉంచి, చప్పుడు కాకుండా గది తలుపు మూశాడు.